మంటని ఆర్పరాదు, పైనుంచి చూడవలెను

కొండ అంటుకుంటే ఆర్పడానికి పరిగెత్తడం మోటు పని. చదువూ సంధ్యా లేనివాళ్ళు చేసే పని. నాగరికులు మంటని ఆర్పరు, చూస్తారు. అదీ పక్కన నిలబడి కాదు, ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తునుంచి చూస్తారు!

ఈ మాట నమ్మబుద్ధి కాకపోతే ఉసిరికవలస వెళ్ళి సూరయ్యని చూడండి. సాలూరు దాటి ఒడిశా వైపు ఎక్కే ఘాటు రోడ్డుకి ఎడంచేతి పక్కన, కొండ కింద ఉంటుంది ఆ ఊరు. సైన్సు మన ప్రాంతాన్ని ఎంత ఉద్ధరించిందో ఆ మనిషి మొహం చూస్తే తెలిసిపోతుంది. యాభై ఎనిమిదేళ్ళవాడు డెబ్బయ్యేళ్ళవాడిలా ఉంటాడు.

సూరయ్యకి రెండు ఆధారాలుండేవి. ఒకటి ఫైర్ వాచర్ ఉద్యోగం. ఉద్యోగమంటే కుర్చీ, ఫ్యానూ అనుకునేరు. ఎండాకాలం నాలుగు నెలలు కొండ మీద తిరుగుతూ, ఎక్కడ పొగ లేస్తే అక్కడికి పోయి ఆర్పే రోజుకూలీ. పంతొమ్మిదేళ్ళు చేశాడు. రెండోది, కొండని ఆనుకుని ఉన్న రెండెకరాల జీడితోట. పట్టాలో సూరయ్య పేరుంది గానీ తోట అతని పెళ్ళాం జగ్గమ్మదే. మొక్క మొక్కకీ గెడ్డలోంచి బిందెలతో నీళ్ళు మోసి బతికించింది ఆవిడే. వాళ్ళ తిండీ గుడ్డా ఆ తోటలోంచే రావాలి.

సూరయ్య పని తీరు గురించి చెప్పాలంటే సిగ్గేస్తుంది. పొగ తెల్లగా లేస్తే గడ్డి అంటుకుందనీ, నల్లగా లేస్తే దుంగ అంటుకుందనీ అనేవాడు. గాలి ఎటు మళ్ళబోతోందో చెమట పట్టిన మెడని అడిగి తెలుసుకునేవాడు. ఏ సర్వర్లోనూ లేని మెడ అది. పాస్‌వర్డు లేదు, బ్యాకప్పు లేదు. అలాంటి మెడని నమ్ముకుని ఒక ప్రభుత్వం ఎంతకాలమని నడుస్తుంది?

ఊరికి ఇంకో మోటు అలవాటుండేది. మాఘమాసం పోగానే ఇంటికొక మనిషి చొప్పున కత్తులూ పారలూ పట్టుకుని వెళ్ళి, అడివికీ తోటలకీ మధ్య రెండు బారల వెడల్పున గడ్డి చెక్కి, రాలిన ఆకంతా ఊడ్చి, నేల బయటపెట్టేవాళ్ళు. దాన్ని ఊరి గీత అనేవాళ్ళు. పై నుంచి పాకుతూ వచ్చిన మంట ఆ గీత దగ్గరికొచ్చి, తినడానికేమీ దొరక్క చచ్చేది. గీతకి మనిషిని పంపని ఇంటికి ఆ ఏడు పెళ్ళికీ చావుకీ ఎవరూ వెళ్ళకూడదని కట్టుబాటు. ఆలోచించండి, కొండని చీపురు పెట్టి ఊడ్చే జనం! ఇలాంటివాళ్ళని పెట్టుకుని మనం అంతరిక్ష యుగంలో ఉన్నామని ఎలా చెప్పుకోవడం?

ఇంతటి చీకట్లోకి 2016లో ఉపగ్రహం దిగింది. అంటే, దిగలేదు. దాని గొప్పతనమే అది. దానికి ఎప్పుడూ దిగే పని ఉండదు.

దిగినవాడు అటవీశాఖ సెక్షన్ ఆఫీసరు నరసింగరావు. జీపులో ప్రొజెక్టరూ, తెల్ల తెరా, రెండు పెద్ద బిస్కెట్ ప్యాకెట్లూ పెట్టుకుని వచ్చి ఊరి బళ్ళో అవగాహన సదస్సు పెట్టాడు. కిటికీలకి గోనెలు కట్టించి, చీకటి చేసి, తెర మీద ఉసిరికవలస కొండ బొమ్మ వేశాడు. పైనుంచి తీసిన బొమ్మ. కొండ కొండంతా ఎర్రగా ఉంది.

ముందు వరసలో కూర్చున్న జగ్గమ్మ లేచి నిలబడింది. "కొండ కాలిపోతంటే బిస్కట్లు తినమంటారేటి బాబూ?" అని చెంగు నడుముకి చుట్టి బయటికి పరిగెత్తింది. ఆవిడ వెనకాలే సగం ఊరు పరిగెత్తింది. బయట కొండ ఎప్పట్లా పచ్చగా, హాయిగా కూర్చుని ఉంది.

నరసింగరావు ఓపికగలవాడు. అందర్నీ వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, ఈ బొమ్మలో ఎరుపంటే పచ్చదనమని చెప్పాడు. చెట్టు ఎంత ఏపుగా ఉంటే అంత ఎర్రగా వస్తుందట. కాలిన చోటు నల్లగా వస్తుందట. మంట అయితే చిన్న చుక్కగా వస్తుందట.

"పచ్చటిదాన్ని ఎర్రగా సూసేదానికి మన కొండని అప్పజెప్తన్నారా?" అంది జగ్గమ్మ. "ముందు దానికి కళ్ళు సూపించండి బాబూ."

చూశారా అజ్ఞానం! పాపం నరసింగరావు నవ్వాడు. ఆ తరవాత అసలు సంగతికి వచ్చాడు. సూరయ్యని పేరు పెట్టి పిలిచి, వచ్చే ఎండాకాలం నుంచి నువ్వు కొండ మీద తిరగక్కర్లేదు, నీ పని ఉపగ్రహం చేస్తుంది అన్నాడు.

సూరయ్య లేచి చేతులు కట్టుకున్నాడు. "ఆర్పతాదా బాబూ?"

"చూస్తుంది. చూసి మా ఫోనుకి మెసేజి పంపుతుంది."

"అప్పుడు మీరొచ్చి ఆర్పతారు."

ఈ మాటకి నరసింగరావు ఏం జవాబు చెప్పాడో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. టీ చల్లారిపోతోంది తాగండి అన్నట్టు మాత్రం అందరికీ గుర్తుంది.

పోతూ పోతూ ఊరి గీత సంగతి కూడా తేల్చేశాడు. రిజర్వు అడివిలో గడ్డి పరక చెక్కినా నేరమేనట. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేశారట. ఇక పైనుంచి ఒకటి చూస్తూ ఉంటుంది కాబట్టి వదిలేసే వీలు లేదట. ఆ ఏడు మాఘం వెళ్ళింది. కత్తులు చూరులోనే ఉండిపోయాయి. కొండ అంచున ఆకు మోకాలెత్తు పేరుకుంది.

ఉపగ్రహం దండగ అని గొణిగేవాళ్ళు దాని మొదటి విజయం గురించి వినాలి. పక్క ఊరి దానమ్మ రోడ్డు వారన చెరుకు ఆడించి బెల్లం వండుతోంది. మెసేజి వచ్చింది. నలభై నిమిషాల్లో జీపు వచ్చి వాలింది. తారు రోడ్డు మరి! ఆరుగురు దిగి పొయ్యి చుట్టూ నిలబడి, అది అడివి కాదని నిర్ధారించుకున్నారు. దానమ్మ మర్యాద తెలిసిన మనిషి, టేకాకుల్లో తలా కాస్త వేడి పాకం పోసి పెట్టింది. చేతులు నాక్కుని, "మంట పూర్తిగా అదుపులో ఉన్నది" అని రాసుకుని వెళ్ళారు. అబద్ధం కాదు. ముప్పై ఏళ్ళుగా దానమ్మ అదుపులోనే ఉంది.

ఇక 2017 మార్చి సంగతి. జీడిచెట్లు విరగకాశాయి. జగ్గమ్మ పొద్దున్నే గంప పట్టుకుని పిక్కలేరడానికి తోటకి వెళ్ళేసరికి పైన ఘాటు మలుపు దగ్గర పొగ. ఎవరో లారీవాళ్ళు రోడ్డు పక్క మూడు రాళ్ళు పెట్టి అన్నం వండుకుని, నిప్పు ఆర్పకుండా బండెక్కి పోయారు. ఆ నిప్పు ఆకుల్లోకి పాకింది. సూరయ్య వచ్చి చూశాడు. తెల్లటి పొగ. మంట మోకాలంత లేదు, కానీ వెడల్పుగా, నింపాదిగా కిందికి నడిచి వస్తోంది.

పాత సూరయ్య అయితే పచ్చిమండలు విరుచుకుని పైకి పోయేవాడు. కొత్త సూరయ్య పద్ధతి నేర్చుకున్నాడు. నరసింగరావుకి ఫోను చేశాడు.

"కొండ అంటుకున్నాది బాబూ. పై మలుపు కాడ."

అవతల నరసింగరావు మెసేజీలు వెతికాడు. "ఇక్కడేం లేదే సూరయ్యా."

"అక్కడుండదు బాబూ. ఇక్కడున్నాది."

"అది కాదయ్యా, అలర్టు రాలేదు. మంట చిన్నదై ఉంటుంది. చెట్ల కింద ఆకుల్లో పాకేది దానికి ఆనదు. ఒంటిగంటన్నరకి పాస్ ఉంది, అంటే ఉపగ్రహం మన మీదుగా పోతుంది. అప్పటికి కాస్త పెద్దదైతే తప్పకుండా పట్టుకుంటుంది."

ఎంత శాస్త్రీయమైన జవాబు! మంట కూడా ఒక హోదాకి ఎదగాలి. ఏ అర్హతా లేకుండా, బుడిబుడి అడుగులేసుకుంటూ వచ్చిన ప్రతి మంటకీ జీపు పంపుతూ కూర్చుంటే ఆఫీసు విలువ ఏం కావాలి?

సూరయ్య ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, ఊళ్ళోకి పోయి పదిమందిని పిలుచుకొచ్చాడు. పచ్చిమండలతో కొట్టారు. ఒక పక్క ఆర్పితే ఇంకో పక్క లేచింది. పక్క తోట కూర్మయ్య రెప్పలు కాలాయి. పన్నెండున్నరకి గాలి మళ్ళింది. సూరయ్య మెడ అంతకు ముందే చెప్పింది, కానీ ఆ మెడకిప్పుడు గుర్తింపు లేదు గదా. మంట నిలువెత్తు లేచి, గీత లేని అంచు వైపు, తోట వైపు తిరిగింది.

ఇక ఒక్కటే దారి. ఎదురుమంట. తోట గట్టు ముందు గబగబా ఆకులు ఊడ్చి, ఆ ఊడ్చిన జాగాకి అవతలి పక్క, వచ్చే మంటకి ఎదురుగా మనమే నిప్పు పెట్టడం. మన మంట ముందుకు పోతూ దారిలో ఉన్నదంతా తినేస్తుంది. పెద్ద మంట వచ్చేసరికి దానికి తిండి ఉండదు. రెండూ ఎదురెదురుగా వచ్చి కలిసి చస్తాయి. ఒక్క బార అటూ ఇటూ అయితే తోట పోతుంది. పంతొమ్మిదేళ్ళలో సూరయ్య నాలుగుసార్లు చేశాడు, డిపార్టుమెంటు చెబితేనే చేశాడు.

అగ్గిపెట్టె తీసి ఆగాడు. జగ్గమ్మ గసపెడుతూ వచ్చి పక్కన నిలబడింది. "ఏటి సూస్తన్నావు మావా. అంటించు."

అంటించాడు. మోకాలెత్తు పేరుకున్న ఎండాకు గదా, భగ్గున లేచింది. ఇరవై నిమిషాలు అక్కడ నరకమే. తరవాత రెండు మంటలూ ఒకదానికొకటి ఎదురుపడి, ఒక్కసారి కొబ్బరిచెట్టంత ఎత్తు లేచి, పడిపోయాయి. తోట మిగిలింది. ఒక్క ఆకు మాడలేదు. జగ్గమ్మ గట్టు మీద కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా మొహం చెంగుతో తుడుచుకుంది. అప్పుడు టైము ఒంటిగంటా నలభై.

ఉపగ్రహం మాట తప్పలేదు. చెప్పిన టైముకి వచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది. నాలుగింటికి మెసేజి, అయిదింటికి జీపు. ఇన్నేళ్ళలో ఉసిరికవలస కొండ మంటకి జీపు వచ్చింది అదే మొదటిసారి. నరసింగరావు దిగి, ఫోను చేత్తో పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి నడిచి, సరిగ్గా జీడితోట గట్టు ముందుకొచ్చి ఆగాడు. చుక్క అక్కడే ఉంది.

"ఇక్కడ నిప్పు పెట్టిందెవరు?"

"నానే బాబూ. కొండమంట తోట మీద పడతంటే ఎదురుమంట పెట్టాను."

"ఏ కొండమంట?"

సూరయ్య చెయ్యి చాచి చూపించాడు. అరమైలు పొడుగున వాలంతా నల్లగా ఉంది. దుంగలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. నరసింగరావు ఫోను వైపే చూశాడు. "ఇందులో లేదు సూరయ్యా. ఇందులో ఒకటే చుక్క ఉంది, ఒంటిగంటన్నరకి భగ్గున మండిన చోట."

"పొద్దున మీకు ఫోను సేసాను గదా."

"చేశావు. కానీ నువ్వు చేసిన ఫోనుకి అక్షాంశం, రేఖాంశం లేవు."

"అయితే ఆ నల్లగున్నదేటి బాబూ?" అంది జగ్గమ్మ. "మా ఆయన మసి పూసేసినాడా?"

నరసింగరావు దుర్మార్గుడు కాదు. నిజంగా బాధపడ్డాడు. గొంతు తగ్గించి, విడమరిచి చెప్పాడు. ఆ నలుపు కూడా రేపటి బొమ్మలో వస్తుంది. రాకపోదు. కానీ రికార్డులో ఉన్న మంట ఒక్కటే, అది నువ్వు పెట్టింది. కాబట్టి ఆ అరమైలూ నీ మంట వల్ల కాలినట్టే లెక్క. "నువ్వు గమ్మునుంటే ఆ పెద్ద మంటే రికార్డుకెక్కేది, సూరయ్యా. ఆర్పబట్టి నీ మీదికొచ్చింది. ఆర్పకపోతే నీ మీద కేసే లేదు" అన్నాడు.

ఎంత గొప్ప న్యాయం! ఆరిపోయిన మంట లేదు. ఆర్పిన మంట నేరం. అంటించిన లారీ ఈపాటికి ఎక్కడో టోలుగేటు దాటి ఉంటుంది, దాని మీద ఏ చుక్కా పడలేదు. ఆ ఏడాది ఆఫీసు నివేదికలో మా బాగా వచ్చింది లెక్క. మంటలు ఒకటి. గుర్తించినవి ఒకటి. నిందితులు ఒకరు. నూటికి నూరు!

సూరయ్య ఏడాది పొడుగునా కోర్టు చుట్టూ తిరిగాడు. పిలిచిన రోజు పోవడం, మరో రోజుకి రమ్మంటే రావడం. అక్కడ ఎవరూ అతన్ని తిట్టలేదు, కొట్టలేదు. ఆ బొమ్మ ఒకటి రంగుల్లో అచ్చువేసి ఫైల్లో పెట్టారు. అతను ఎప్పుడు నోరు విప్పినా దాన్ని చూపించారు. మనిషి అబద్ధమాడతాడు, ఉపగ్రహం ఎందుకాడుతుంది? దానికేం జీడితోట ఉందా?

పైగా ఒక షరతు పెట్టారు. కేసు తేలేదాకా అగ్గిపెట్టెతో కొండ ఛాయలకి వెళ్ళకూడదు. వెళితే ఈసారి లోపలికే. సూరయ్య అగ్గిపెట్టె ముట్టుకోవడమే మానేశాడు. బీడీ కూడా వంటపొయ్యి దగ్గర వంగి అంటించుకునేవాడు. కూర్మయ్యా తక్కినవాళ్ళూ సాక్ష్యానికని రెండుసార్లు తిరిగి, పొగంటేనే దడుచుకున్నారు. చేతిలో పచ్చిమండ ఉంటే అది ఆర్పడానికో, అంటించడానికో ఉపగ్రహం ఎలా చెప్పగలదు?

ఆ రకంగా ఊరు మారింది. కొండ ఎక్కడం మానేసింది, గీత గీయడం మానేసింది, పొగ లేస్తే అరుగు మీద కూర్చుని చూడటం నేర్చుకుంది. ఒక్క ఏడాదిలో ఇంత ప్రగతి ఏ పథకం సాధించింది చెప్పండి?

2018 మార్చి. మళ్ళీ చెట్ల నిండా పిక్కలు. పన్నెండు గంటలకి కొండ నడుం దగ్గర పొగ లేచింది. ఈసారి నల్లటి పొగ. నిరుడు కాలని పక్క అది, రెండేళ్ళ ఆకు పేరుకుని ఉంది, ఒక్క గంటలో ఆ వాలంతా అందుకుంది. ఊరంతా వీధిలో నిలబడింది. ఒక్కరూ కత్తి తీయలేదు. జగ్గమ్మ పచ్చిమండ విరుచుకుని తోటకి పరిగెత్తింది, సూరయ్య ఆవిడ వెనకాల. కొట్టి ఆర్పే మంట కాదది. పది నిమిషాలకే ఆవిడకీ తెలిసింది. మండ కింద పడేసి, చెంగుకొనన కట్టిన ముడి విప్పి, అగ్గిపెట్టె తీసి మొగుడి చేతిలో పెట్టింది.

సూరయ్య అగ్గిపెట్టె పట్టుకుని గాలి చూశాడు. అంచు చూశాడు. ఇంకా జాగా ఉంది, అరగంట టైముంది. చెయ్యగలడు. తరవాత తలెత్తి ఆకాశం చూశాడు. మబ్బు తునక లేదు. సరిగ్గా ఒంటిగంటన్నర.

అగ్గిపెట్టె పెళ్ళానికిచ్చేసి, ఫోను తీశాడు.

"కొండ అంటుకున్నాది బాబూ. పెద్ద మంట."

"మాకు తెలుసు సూరయ్యా" అన్నాడు నరసింగరావు. గొంతులో నిజమైన సంతోషం. "ఈ ఏడు మెసేజి అప్పటికప్పుడే వచ్చేస్తోంది. ఇప్పుడే పాస్ అయింది, చాలా స్పష్టంగా కనపడుతోంది, పదకొండు చుక్కలు. నువ్వు శ్రమపడి చెప్పక్కర్లేదు."

"అయితే బయల్దేరినారా?"

"మాకు తెలుసయ్యా. మేం మానిటర్ చేస్తున్నాం."

"తోట మీదికి వచ్చేస్తన్నాది బాబూ."

"అదీ కనపడుతోంది. నువ్వు మాత్రం నిప్పు జోలికి పోకు."

సూరయ్య ఫోను పెట్టేశాడు. వెనకటికి వాళ్ళు రాకపోతే, పాపం తెలియక రాలేదనుకునేవాడు. ఆ మాత్రం ఓదార్పు ఉండేది. మొగుడూ పెళ్ళాం గెడ్డ అవతల రాళ్ళ మీద నిలబడ్డారు. మంట మొదటి చెట్టు కింద ఆకుల్లోకి పాకి, కొమ్మలెక్కింది. జీడిపిక్కల్లో నూనె ఉంటుంది, టపటపా పేలుతూ కాలాయి. జగ్గమ్మ ఒక్కొక్క చెట్టూ అంటుకుంటుంటే, దాన్ని ఏ ఏడు నాటిందో పైకే చెప్పుకుంటూ నిలబడింది.

నాలుగయ్యేసరికి రెండెకరాలూ అయిపోయాయి. ఎన్ని చెట్లు పోయాయో, ఏ టైముకి పోయాయో ఎవరూ వెళ్ళి చెప్పక్కర్లేదు. వాళ్ళకి తెలుసు.